తూములోంచి వచ్చిన పసుపు నీళ్లు

రోహిణి కార్తెలో రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు, పుట్టనివాళ్లకి చెప్పినా నమ్మరు. అంత ఎండలోనూ పొద్దున్నే తలుపులూ కిటికీ బిగించుకుని కూర్చునే ఇల్లు ఊరంతటికీ ఒక్కటే, దూదేకుల మస్తానయ్య ఇల్లు. తలుపు తీస్తే గాడ్పు, గాడ్పు వస్తే ఏకిన దూదంతా వీధిపాలు. అందుకే మొగుడు గోడవార కూర్చుని విల్లు మీటుతుంటే, పెళ్లాం కాసింబీ చెత్తా చెదారం ఏరి, దూదిని పరుపుల్లో కూరుతూ, ఆ మూసిన గదిలోనే పదహారేళ్లు గడిపేసింది.

ఆ బుధవారం పొద్దున కూడా అంతే. గంజి తాగిన ముంత పక్కన పెట్టి అత్త సైదమ్మ మొదలుపెట్టింది.

"ఏమే కాసిం, ఏం తేల్చుకున్నావు? శుక్రవారం జుమ్మా నమాజు అయినాక మాట చెబుతామని మీ ఆయన ఒప్పుకొనొచ్చాడు. ఇక ఎన్నాళ్లుంది, మధ్యలో ఒక్క గురువారం."

"తేల్చుకునేదేముందత్తమ్మా. రజియాకి పదమూడేళ్లు. అలీ సాహెబుకి నలభై. ఆయన పెద్దకూతురికే పన్నెండు."

"అయితే? గురజాలలో బట్టల కొట్టు, మిద్దె ఇల్లు. ఈ యుద్ధం రోజుల్లో గుడ్డముక్క దొరక్క జనం అల్లాడతా ఉంటే, బట్టల కొట్టాయన కోరి అడిగాడు. పెళ్లాం పోయింది, అది ఆయన తప్పా? నువ్వు మా ఇంటికొచ్చింది ఎన్నేళ్లకి? పదమూడుకే గందా. ఏం, చచ్చిపోయావా?"

కాసింబీ చేతిలోని దూదిని పరుపులోకి కుక్కింది. చావలేదు, నిజమే. విల్లు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడైనా ఈ మనిషి ఓ మాట అంటాడేమోనని మొగుడి వైపు చూసింది. మస్తానయ్య తల ఎత్తకుండానే మళ్లీ మీటడం మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు. తల్లి ముందు నోరు పెగలదు, అంతే. ఆ మంచితనంతో ఏం చేసుకోవాలో కాసింబీకి ఇన్నేళ్లలో తెలియలేదు.

మూలన గింజలు ఏరుతున్న రజియా కళ్లు తుడుచుకుంటోంది. దూది నుసి పడిందని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఎప్పుడూ వీలే.

మధ్యాహ్నానికి మస్తానయ్య రెండు పరుపులు నెత్తిన పెట్టుకుని కాపుల వీధికి వెళ్లాడు. సైదమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఖైరున్నీసా ఇంటికి బయల్దేరింది. ఖైరున్నీసా అంటే అలీ సాహెబు అక్కగారే. అత్తారిల్లు ఈ ఊళ్లోనే, రెండు వీధుల అవతల. సంబంధం మాట పుట్టింది ఆవిడ నోట్లోంచే.

ఇంట్లో తల్లీ కూతుళ్లు మిగిలారు.

"అమ్మా, నీ మొహం ఒకసారి చూసుకున్నావా?" అంది రజియా. "చెమటకాయలు చిట్లిపోయినయి. వాటి మీద దూది అంటుకుని ఎట్టా ఉందో!"

"ఎట్టా ఉంటే ఏం. నన్ను చూడొచ్చేదెవరు?"

"కూర్చో. నేను పెడతా."

రజియా అటక మీది డబ్బా దించింది. అందులో నలుగుపిండి ఉంది. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన గులాబీ రేకులు, కొమ్ము పసుపు కలిపి విసిరిన పిండి. చుట్టుపక్కల ఏ సాయిబుల ఇంట పెళ్లయినా ఆ పిండి కాసింబీయే చేసిపెట్టాలి. ఆమె చేతిపిండి పెడితే పిల్ల మొహం వెలిగిపోతుందని పేరు.

"ఛీ, దించమాకే! అది పెళ్లికూతుళ్లకి పెట్టేది."

"ఊరందరికీ నువ్వే చేస్తివి. నీకు ఎప్పుడన్నా పెట్టారా?"

ఎప్పుడో పెట్టారు. పదహారేళ్ల కింద, ఒక్కసారి. కాసింబీ కూర్చుంది.

ఆ వాడలో నలుగంటే ఆషామాషీ కాదు. సంబంధం ఖాయమైన రోజున ఆడపిల్లకి ఆ పిండితో మొహం, చేతులు రుద్ది, కడిగిన నీళ్లు తూములోంచి వీధిలోకి వదులుతారు. పచ్చటి నీళ్లు గడప దాటి వీధికెక్కాయంటే ఆ ఇంటి పిల్ల ఒకళ్లకి ఖాయమైందని ఊరికి చాటినట్టే. ఆ తర్వాత కాదంటే రెండు ఇళ్లకీ తల కొట్టేసినట్టే. ఇవన్నీ కాసింబీకి తెలియనివి కావు. అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

రజియా గోరువెచ్చని నీళ్లతో తల్లి మొహం కడిగింది. మెత్తటి గుడ్డతో అద్దింది. పాల మీగడలో పిండి కలిపి నుదుటి నుంచి కిందికి, ముక్కు పక్కల, చెంపల మీద, మెడ దాకా వేళ్లతో మెల్లగా పామింది. రెండు దూది ఉండలు చల్లటి పాలలో ముంచి కళ్ల మీద పెట్టింది.

"ఇప్పుడు మాట్లాడమాక. ఆరిందాకా కదలకుండా పడుకో. పెళ్లికూతుళ్లకి నువ్వు చెప్పే మాటే ఇది."

కాసింబీ ఏకిన దూది కుప్ప మీద వెనక్కి వాలింది. మంట మీద వెన్న రాసినట్టుంది. బావంచాల వాసన, గులాబీ వాసన. కూతురి వేళ్లు నుదుటి మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. అమ్మ పోయాక తన మొహాన్ని ఇంత నెమ్మదిగా తాకిన చెయ్యి లేదని కాసింబీకి అప్పుడు తట్టింది. కళ్ల మీది దూది కింద కన్నీళ్లు ఊరాయి. తుడుచుకోలేదు. ఆ గంటసేపు ఆ ఇంట్లో అత్త లేదు, విల్లు లేదు, జుమ్మా లేదు.

అంత హాయి అలవాటు లేని మనిషి కదా, ఒళ్లు మరిచింది. పిండి ఆరాక స్నానాలగదిలో కూర్చుని, చెంబులకి చెంబులు గుమ్మరించుకుని మొహం కడుక్కుంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయన్న ఊసే రాలేదు.

తూము దగ్గర పచ్చటి నీళ్లు చూసింది పాలు పోసే వెంకమ్మ. చూసి ఊరుకుంటే ఆమె వెంకమ్మ ఎందుకవుతుంది! ఖైరున్నీసా ఇంటికి పాలు పోయడానికి వెళ్తూనే, అరుగు మీద కూర్చున్న సైదమ్మతో అందట: "అత్తా, మనవరాలికి నలుగు పెట్టిచ్చి నాకు మాట మాత్రం చెప్పలేదే!" ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సైదమ్మకి మాత్రం కోడలు చివరికి దారికొచ్చిందని గుండె నిండిపోయింది. ఖైరున్నీసా సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకా తల ఆరకముందే కాసింబీ ఇంటి ముందు సందడి వినిపించింది. తలుపు తీసి చూస్తే ముందు ఖైరున్నీసా, చేతిలో పళ్లెం. పళ్లెంలో కొబ్బరికాయ, పూలు, పటికబెల్లం. వెనక మసీదు పెద్ద అబ్దుల్ గఫార్ సాయిబు. ఆ వెనక ముసిముసిగా నవ్వుతూ సైదమ్మ, పరుపులు ఇచ్చి దారిలో కలిసిన మస్తానయ్య.

"మంచి పని చేశావమ్మా కాసిం!" అంది ఖైరున్నీసా, లోపలికి అడుగు పెడుతూనే. "జుమ్మా దాకా ఎందుకని నలుగు పెట్టేశావంటగా. మావాడి అదృష్టం. ఏదీ పిల్ల?"

కాసింబీకి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తూము గుర్తొచ్చింది.

"లేదక్కా, నలుగేం పెట్టలా. ఊరికే..."

"సిగ్గుపడమాక. ఊరంతా చూసింది."

ఖైరున్నీసా తలుపు చాటున ఉన్న రజియా చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. రెండు అరచేతులూ మణికట్ల దాకా పచ్చగా ఉన్నాయి.

"ఇదేంది మరి? చూశారా గఫార్ మామయ్యా! పిల్ల చేతులే చెబుతున్నయి."

గఫార్ సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "శుభం. పటికబెల్లం నోట్లో పెడితే మాట అయిపోయినట్టే. నిఖా తారీఖు తర్వాత చూసుకుందాం."

రజియా నోరు బిగించుకుని తల్లి వైపు చూసింది. ఖైరున్నీసా పటికబెల్లం ముక్క తీసింది. కాసింబీ మొగుడి వైపు చూసింది. మస్తానయ్య కండువా నలుపుతూ నిలబడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే పిల్ల పోతుంది. నిజం చెబితే తన మానం పోతుంది. పెళ్లీడు పిల్లని ఇంట్లో పెట్టుకుని, మొగుడూ అత్తా లేని వేళ తలుపులేసుకుని, పెళ్లికూతురి నలుగు తన మొహానికి పెట్టించుకున్నానని మగవాళ్ల ముందు చెప్పుకోవాలి. రేపట్నించి బావి దగ్గర నలుగురు నవ్వే మాట అది.

ఖైరున్నీసా చెయ్యి రజియా పెదాల దాకా వచ్చింది.

"ఆగక్కా! ఆ నలుగు నాకు."

"ఏందీ?"

"రజియాకి కాదు. నా మొహానికి నేను పెట్టించుకున్నా. అది నాకు పామింది, అందుకే దాని చేతులు పచ్చగున్నయి. నీళ్లు నేను కడుక్కున్నవి. పిల్లకి ఎవరూ నలుగు పెట్టలా, మేము ఎవరికీ మాట ఇయ్యలా."

గఫార్ సాయిబు దగ్గి, నేల చూపులు చూశాడు. వెంటనే ఖైరున్నీసా నవ్వింది.

"అబ్బో! పెళ్లి పిల్లకా, తల్లికా? ఎవరి కోసమమ్మా ఈ సింగారం? మొగుడు గడప దాటంగానే తలుపులేసుకుని సోకులా?"

"ఎవరి కోసమూ కాదు." అంది కాసింబీ. "నా మొహం మండిపోతా ఉంది. పదహారేళ్లుగా మండుతానే ఉంది. ఒక్క గంట చల్లగా పడుకుందామనుకున్నా. అది కూడా తప్పయితే తప్పే. నన్నేమన్నా అనండి. నా పిల్ల జోలికి రామాకండి."

సైదమ్మ విసవిసా వచ్చింది. కొడుతుందనే అనుకున్నారు అందరూ. కోడలి గడ్డం ఒడిసిపట్టి, నిజమో అబద్ధమో తేల్చాలని వాకిటి వెలుతురు వైపు తిప్పింది. చెవి వెనక, పాపిడి మొదట్లో ఇంకా పచ్చగా ఉంది. నిజమే. అయినా గడ్డం వదల్లేదు. నుసి అంతా పోయిన ఆ మొహం సైదమ్మ ఎన్నేళ్లుగానో చూడనేలేదు. చిట్లిన చెమటకాయలు, గీరుకున్న గాట్లు, కళ్ల కింద నల్లటి గుంటలు. ముప్పయ్యేళ్లు నిండని పిల్ల మొహం అది.

"ఇట్టాంటి తల్లి కూతురు మా ఇంటికేం వద్దులే" అంటోంది ఖైరున్నీసా. "రేపు అదీ ఇంతే తయారవుద్ది. వీధినపడే రకం..."

"నోర్ముయ్!"

సైదమ్మ అరుపుకి పళ్లెం కూడా ఉలిక్కిపడింది.

"నా కోడల్ని అనాల్సొస్తే నేనంటా. నువ్వెవతివి అనటానికి? పదహారేళ్లు మూసిన ఇంట్లో ఉడికింది అది. వీధి మొహం చూసిందా ఎన్నడన్నా? ఇంట్లో తన మొహానికి తను పిండి రాసుకుంటే నీకేం పోయింది? తీసుకుపో నీ పటికబెల్లం."

"పిన్నమ్మా, నువ్వేగా ఈ సంబంధానికి..."

"నేనే. నా నోటితోనే వద్దంటున్నా. ఒరేయ్ మస్తానూ! రాయిలాగా నిలబడ్డావేందిరా? నీకు నోరు లేదా?"

మస్తానయ్య కండువా భుజాన వేసుకున్నాడు. ఒకసారి కూతురి పచ్చటి చేతుల వైపు, ఒకసారి పెళ్లాం వైపు చూశాడు. "వద్దక్కా" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకొంచెం గట్టిగా, "మా పిల్ల చిన్నది. ఇయ్యం. గఫార్ మామయ్యా, మీరు పెద్దలు, తప్పుగా అనుకోమాకండి" అన్నాడు.

గఫార్ సాయిబు "మాట కాలేదు కాబట్టి తప్పినట్టు కాదు" అని తేల్చి, ఖైరున్నీసాని పిలుచుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగారు. తర్వాత సైదమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. కాసింబీ ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

"నా వల్లే పరువు పోయిందత్తమ్మా. నీళ్లు దొడ్లో పోయాల్సింది. మరిచిపోయా."

"పరువా!" సైదమ్మ ముక్కు చీదింది. "నన్నిచ్చింది పదేళ్లకి. మీ మామకి ముప్పై. నోట్లో పటికబెల్లం పెడతా ఉంటే తలుపు చాటున మా అమ్మ నిలబడి ఏడుస్తా ఉంది. నేను దాని వైపే చూస్తన్నా. బయటికొచ్చి వద్దనుద్ది, ఇప్పుడనుద్ది, ఇప్పుడనుద్ది అనుకుంటన్నా. అనలా. అది చచ్చిందాకా నాకు ఆ కోపం పోలా, కాసిం. శవాన్ని చూసి కూడా నేను ఏడవలా."

రజియా వచ్చి నాయనమ్మ పక్కన ఒదిగి కూర్చుంది.

"నిన్ను తెచ్చుకున్ననాడు నువ్వూ అట్టాగే మీ అమ్మ వైపు చూస్తా ఉండావు. నాకు కనబడింది. కనబడినా నీ నోట్లో ఆ ముక్క పెట్టింది నేనే." సైదమ్మ కోడలి చెంప మీద చెయ్యి వేసింది. బరక చెయ్యి, అయినా మెల్లగానే వేసింది. "ఇయ్యాల పిల్ల నీ వైపు చూసింది. నువ్వు మానం పోయినా సరేనని నోరు తెరిచావు. మా అమ్మ చెయ్యలేనిది నువ్వు చేశావే."

కాసింబీ అత్త ఒడిలో మొహం పెట్టుకుని బావురుమంది. పదహారేళ్ల ఏడుపు అది, తొందరగా ఆగేది కాదు. సైదమ్మ ఆపమని అనలేదు. కోడలి వీపు నిమురుతూ, యాభై ఏళ్ల కింద పోయిన తన తల్లిని తలుచుకుని, మొదటిసారి ఆమె కోసం ఏడ్చింది.