పుస్తకానికి అవతలి వైపు

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఒకనాడు పొద్దున్నే రాజమండ్రిలో తాతాజీ గారి వీధి గుమ్మం ముందు ఒకావిడ వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాతాజీ గారు పోలీసు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వదిలేసి సొంతంగా నేరపరిశోధన చేస్తుండేవారు. మనిషి బక్కపలచన. ఆయన కళ్లను మాత్రం ఏదీ దాటిపోదు. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న చంద్రరావుకి ఆయన దేవుడే.

"ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. వచ్చి కూర్చోమ్మా," అన్నారు తాతాజీ.

ఆవిడ పేరు సంపూర్ణమ్మ. ధవళేశ్వరం దాటాక ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో లూథరన్ సంఘం మనిషి. ఊడ్పులకీ కోతలకీ వెళ్లి, ఒక్కగానొక్క కొడుకు రాజరత్నాన్ని హైస్కూలు చివరి తరగతి దాకా లాక్కొచ్చింది.

"మావోడు ప్రశ్నల కాయితం దొంగిలించేడంటున్నారండి బాబుగారూ! మెట్రిక్యులేషనుకి రేపు పేర్లు పంపుతారంట. మావోడి పేరు కొట్టేస్తారంట. ఆడు దొంగ కాదండి. కావాలంటే బైబిలు మీద చెయ్యేసి చెప్తానండి."

మెట్రిక్యులేషను పరీక్షకి వెళ్లాలంటే ముందు స్కూల్లో సెలక్షన్ పరీక్ష గట్టెక్కాలి. అందులో చరిత్ర ప్రశ్నలు పిల్లలకు ముందే తెలిసిపోయాయని గుప్పుమంది. రాజరత్నం స్కూలు ఫీజు కట్టలేక, దానికి బదులు రోజూ పొద్దున్నే హెడ్మాస్టరు గది ఊడుస్తాడు. పైగా అందరికన్నా ఎక్కువ మార్కులు వాడికే. ఇంకేం కావాలి!

చంద్రరావుకీ లోపల్లోపల అదే అనిపించింది. పల్లె నుంచి వచ్చినవాడు, గదిలోకి వెళ్లేవాడు, వాడు కాక మరెవరు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సాయంత్రానికల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోతుందని అప్పటికేం తెలుసు పాపం!

హెడ్మాస్టరు జగన్నాథరావు గారు ముక్కోపి, అబద్ధం మాత్రం ఆడరు. "ఇందులో విచారించడానికేముందండీ?" అంటూనే కుర్చీ చూపించారు.

"ప్రశ్నలు ఎక్కడ రాశారు?"

"మొదటి సగం ఇక్కడే, ఈ బల్ల మీద. రెండో సగం ఇంటి దగ్గర. రెండూ కలిపి ఈ సొరుగులో పెట్టి తాళం వేశాను. పరీక్షనాడు నేనే బోర్డు మీద రాశాను."

"తాళం విరిగిందా?"

"లేదు. రోజూ గదిలో తిరిగేవాడికి దారులుండవా?"

"ఇక్కడ రాస్తున్నప్పుడు మీ వెనక ఎవరైనా నిలబడ్డారా?"

"వెనక గోడుంది, కనబడుతోందిగా! మాస్టర్లు వస్తారు, ఎదురు కుర్చీలో కూర్చుని మాట్లాడతారు, పోతారు. ఇటు వైపు ఎవరూ రాలేదు."

తాతాజీ జవాబు కాగితాలన్నీ తెప్పించి బల్ల మీద పరిచారు. ఒక్కొక్కటే చదివి చంద్రరావు ముందుకు జరిపారు. ఆ స్కూల్లోనే పనిచేసే జ్ఞానప్రకాశం మాస్టారి దగ్గర ట్యూషను చదివే పిల్లలంతా మొదటి సగం అదరగొట్టేశారు, రెండో సగంలో చతికిలబడ్డారు. ట్యూషను లేని పిల్లలకి రెండూ అంతంతమాత్రమే. రాజరత్నం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా, బాగా రాశాడు.

"చూశావా?" అన్నారు తాతాజీ.

"చూశానండి," అన్నాడు చంద్రరావు, ఏం చూశాడో తెలియకుండానే.

అక్కణ్ణుంచి మాస్టారి ఇంటికి బయలుదేరారు. చంద్రరావుకి ప్రాణం లేచొచ్చింది. తనూ ఆ అరుగు మీద చదివే మెట్రిక్యులేషను పాసయ్యాడు మరి. ఆ అరుగు ఏమీ మారలేదు. మధ్యలో ఒకే ఒక్క లావుపాటి చరిత్ర పుస్తకం. మాస్టారి పక్కన పొలాలున్న ఆసాముల పిల్లలు ఒత్తుకుని కూర్చున్నారు. పుస్తకానికి అవతలి వైపు ఒక్క కుర్రాడు విడిగా, మెడ సాచి కూర్చున్నాడు.

తాతాజీ మాస్టారికి ఎదురుగా చతికిలబడి, ఒళ్లో కాగితం పెట్టుకుని ఏదో రాసుకుంటూ అడిగారు. "ముఖ్యమైన ప్రశ్నలివని పిల్లలకి మీరేమైనా చెప్పారాండీ?"

"చెప్తామండి. ఇన్నేళ్ల అనుభవం కదా," అని మాస్టారు నవ్వారు. అంతలోనే, "ధవళేశ్వరం కాదండి. మా సొంతూరు ఆలమూరు. ధవళేశ్వరంలో కొన్నాళ్లు పనిచేశానంతే," అన్నారు.

"పొరపాటండి," అని తాతాజీ కొట్టేసి దిద్దుకున్నారు. "రాజరత్నం మీ దగ్గర చదవలేదా?"

"కొన్నాళ్లు వచ్చి మానేశాడండి." మాస్టారు చూపు తిప్పుకున్నారు.

సాయంత్రం అందరూ హెడ్మాస్టరు గదిలో చేరారు. రాజరత్నం గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. సంపూర్ణమ్మ గుమ్మం బయటే ఉండిపోయింది.

"సొరుగులోంచి కాగితాలు దొంగిలించినవాడికి రెండు సగాలూ దొరుకుతాయి," అని తాతాజీ మొదలుపెట్టారు. "బయటపడింది మాత్రం ఈ బల్ల మీద రాసిన సగమే. అంటే మీరు రాస్తుండగానే ఎవరో చదివారు."

"ఎలా చదువుతారండీ? వెనక గోడ కదా!"

"ఎదురు కుర్చీలోంచి చదివారు."

జగన్నాథరావు గారు నవ్వారు. "అటు నుంచి అక్షరాలు తలకిందులుగా ఉంటాయండి!"

"మీకూ నాకూ అంతే. ఈ పొద్దున నా ఒళ్లో కాగితం మీద, మాస్టారి సొంతూరు ధవళేశ్వరం అని కావాలనే తప్పు రాసుకున్నాను. పైకి చదవలేదు. ఎదురుగా కూర్చున్న మాస్టారు తడుముకోకుండా తప్పు దిద్దారు."

చంద్రరావు గిరుక్కున మాస్టారి వైపు తిరిగాడు. మా మాస్టారా!

"అలాగైతే ఈ రాజరత్నం కూడా తలకిందులుగా చదివి ఉండొచ్చు కదా! వాడూ రోజూ ఈ గదిలోకి వస్తాడు!" అన్నారు హెడ్మాస్టరు, ఎలాగైనా పాత మాట నిలబెట్టుకుందామని.

"చదవగలడేమో. ఆ కుర్చీలో అతన్ని ఎప్పుడైనా కూర్చోమన్నారా?"

జగన్నాథరావు గారు ఆ కుర్చీ వైపు చూశారు.

జ్ఞానప్రకాశం మాస్టారు లేచి నిలబడ్డారు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు.

"మా ఊళ్లో మిషను బడి పెట్టిన కొత్తలో ఉన్నది ఒకే పుస్తకమండి. పెద్దిళ్ల పిల్లలు అయ్యవారి పక్కన కూర్చునేవారు. అంటరాని పల్లె పిల్లాణ్ణి కదా, నేను పుస్తకానికి అవతల. నాకు అక్షరాలు వచ్చిందే తలకిందులుగానండి. కిందటేడు నా పిల్లల్లో ఒక్కడూ పాసవ్వలేదు. ఈసారి సెలక్షనులోనే పోతే నా మొహం చూసేదెవరు? ఆరోజు కాగితం మీద కన్ను పడింది. పడ్డాక చదవకుండా ఉండలేకపోయాను." రాజరత్నం వైపు తిరిగారు. "నేరం ఈ పిల్లాడి మీద పడ్డప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుతో చస్తున్నా నోరు విప్పలేదండి. నన్ను క్షమించరా రాజరత్నం."

రాజరత్నం మొదటిసారి తలెత్తాడు.

"ట్యూషను ఎందుకు మానేశావని మీరు ఒక్కసారీ అడగలేదండి. డబ్బుకి కాదండి, మీరు నా దగ్గర తీసుకోలేదు కదా. మీ అరుగు మీద కూడా నన్ను అవతలే కూర్చోబెట్టారండి."

మాస్టారు తలపాగాతో మొహం కప్పుకున్నారు. జగన్నాథరావు గారు కలం తీసి, పంపాల్సిన పేర్లలో రాజరత్నం పేరు అందరికన్నా పైన రాశారు. మిగతావాళ్లకి రేపు పొద్దున్నే పరీక్ష మళ్లీ పెట్టి, ఆ తర్వాతే పేర్లు పంపుతానన్నారు. తర్వాత గుమ్మం దాకా వెళ్లి, "లోపలికి రండమ్మా," అన్నారు తల దించుకుని.

దారిలో చంద్రరావు నాలుగడుగులు వెనకబడ్డాడు.

"ఏమయ్యా, మీ మాస్టారి గురించేనా?" అన్నారు తాతాజీ.

"కాదండి. నేను ఆ అరుగు మీద చదివినన్నాళ్లూ మాస్టారి పక్కనే కూర్చున్నానండి. నాకెదురుగా అవతల ఒకడు రోజూ కూర్చునేవాడు." చంద్రరావు ఆగిపోయాడు. "వాడి పేరు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదండి."