బొట్టు పెట్టిన కంప్యూటర్

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ల్యాబ్‌లో పీహెచ్‌డీ విద్యార్థి అనిరుధ్ కంప్యూటర్ ఆన్ చేశాడు. నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. హార్డ్ డిస్క్ కనబడటం లేదట.

పెట్టె పక్కనున్న గాలి కన్నాల్లోంచి ల్యాబ్‌లో అందరూ సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూశారు. డిస్క్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

మూడేళ్ల పరిశోధన మాయం.

"ఎవరూ దాని మీద చెయ్యి వేయకండి!" అంది ప్రొఫెసర్ చంద్రకళ. ఆవిడ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయలేదు. విల్‌ఫ్రెడ్‌కి చేసింది.

విల్‌ఫ్రెడ్ రైల్వే రక్షక దళం ఆర్పీఎఫ్‌లో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. నిమ్‌పురా రైల్వే యార్డులో రాగి కేబుల్ దొంగల్ని ఏళ్ల తరబడి పరిగెత్తించిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పరిగెత్తనివ్వవు. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. టోటో అనే బ్యాటరీ ఆటో దిగి, డ్రైవర్‌తో బెంగాలీలో ఒక రౌండ్ పోట్లాడి, తెలుగులో గొణుక్కుంటూ మెట్లెక్కాడు.

ఊరి చివర రెండంతస్తుల మేడ. సువర్ణరేఖ సిస్టమ్స్ రీసెర్చ్ సెంటర్ అని బోర్డు.

"పోయిందేమిటి మేడమ్?"

"ఒక ఎంటర్‌ప్రైజ్ మోడల్, దాని డేటా."

"అంటే?"

"ఒక కంపెనీ మొత్తాన్ని బొమ్మ గీయడం అనుకోండి. ఎవరు ఏ పని చేస్తారు, ఆ పని ఎవరి చేతికి వెళ్తుంది, ఏది ఆగితే ఏది ఆగుతుంది. మనుషులు డబ్బాలు. పనులు బాణాలు. దాన్ని చూసి కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌నీ, పద్ధతుల్నీ మార్చుకుంటుంది."

"ఏ కంపెనీ?"

"మేదినీ వేగన్ వర్క్స్. నిమ్‌పురా అవతల ఉంది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే ప్రైవేటు షెడ్."

"కాపీ లేదా?"

"ఫైనల్ మోడల్‌కీ, కార్మికుల ఇంటర్వ్యూలకీ లేదు. అగ్రిమెంట్ ఒప్పుకోదు. ఈ ఒక్క మెషీన్‌లోనే ఉండాలి, నెట్ కూడా ఉండకూడదు. పోటీ కంపెనీ చేతికి పోయిందంటే మా సెంటర్‌కి తాళం పడుతుంది విల్‌ఫ్రెడ్ గారూ."

విల్‌ఫ్రెడ్ మోకాలు పట్టుకుని వంగాడు. కంప్యూటర్ పెట్టె మూల మీద బొటనవేలంత పసుపు బొట్టు. దాని మీద కుంకుమ. కుంకుమలో ఒక అక్షింత అతుక్కుని ఉంది. గదిలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ అదే అలంకారం.

"నిన్న విశ్వకర్మ పూజ కదా," అంది చంద్రకళ. "అన్నీ ఆపేశాం. పూజ రోజు పనిముట్టు ముట్టుకోకూడదని మా అటెండర్ నూకాలమ్మ పట్టు. ప్రసాదానికి చాలామంది వచ్చారు. షెడ్ వాళ్లూ వచ్చారు. తలుపు పొద్దున్నుంచీ బార్లా తెరిచే ఉంది."

"అంటే నిన్న ఎవరైనా తీసుకుపోయి ఉండొచ్చు."

"ఎవరైనా."

విల్‌ఫ్రెడ్ ఒక ఫోటో తీశాడు. స్క్రూ డ్రైవర్ అడిగి తీసుకుని, పక్క మూత స్క్రూలు విప్పి లాగాడు. ఎండిన పసుపు చిట్లి రెండు ముక్కలైంది. అక్షింత నేల మీద పడింది. లోపల డిస్క్ లేదు. అతను ఇంకో ఫోటో తీసి, వేళ్లు రుమాలుకి తుడుచుకున్నాడు.

మొదట పిలిచింది ల్యాబ్ అటెండర్ నూకాలమ్మని.

"బొట్లు ఎవులు పెట్టినారు నూకాలమ్మా?"

"ఇంకెవులు బాబూ, నానే. నిన్న పొద్దున్నే. రష్మితమ్మ పూలు అట్టుకొచ్చింది. ఇద్దరం కలిసే తాళం తీసినాం."

"తాళంచెవి ఎక్కడుంటాది?"

"గేటు కాడ సెక్యూరిటీ దాదా దగ్గిర. సాయంత్రం ఆకర్న ఎల్లినోలు ఇచ్చీసి ఎల్తారు."

"మంగళారం ఆకర్న ఎవులెల్లినారు?"

"అనిరుద్దు బాబు."

"బొట్టు ఆ మూల మీదే ఎందుకు పెట్టినావు?"

"మరేటి సెయ్యమంటారు? పక్కంతా కన్నాలే గదా. పసుపు లోపలికెల్తే పాడైపోద్దని పోయినేడు మేడమ్మ కసిరీసినాది. మూలకెడితే ఏటీ అవదు."

"ఠీక్ హై. ఎల్లు."

తర్వాత రష్మిత. అనిరుధ్‌తో పాటు పీహెచ్‌డీ చేస్తున్న హైదరాబాద్ అమ్మాయి.

"నువ్వూ అనిరుధ్ ఒకే ఉద్యోగానికి పోటీ అటగా?"

"అవును సర్. వాడు నాకన్నా బాగా రాస్తాడు. కానీ డిస్క్ దొంగిలిస్తే నేను బాగా రాయను కదా?"

విల్‌ఫ్రెడ్‌కి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"నిన్న అనిరుధ్ ఇక్కడున్నాడా?"

"రాలేదు. అదే వింత. ప్రసాదానికీ రాలేదు, షెడ్‌లో పూజకీ వెళ్లలేదట. వాడికి షెడ్ వాళ్లంటే ప్రాణం సర్. పూరీ గేట్ పేటలో వెంకటరావు గారని ఒక వెల్డర్ ఉన్నారు. వాళ్లింట్లోనే ఉంటాడు, వాళ్లింట్లోనే తింటాడు."

"ఆ మోడల్ నువ్వు చూశావా?"

"చూశాను. మామూలుగా మేం కంపెనీ రూల్స్ చూసి గీస్తాం. వాడు ఏడాది షెడ్‌లో కూర్చుని, అక్కడ నిజంగా జరిగేది గీశాడు. భయం వేసేంత నిజంగా ఉంటుంది."

చివర అనిరుధ్ వచ్చాడు. ఖమ్మం కుర్రాడు. నిద్ర లేని కళ్లు.

"మంగళవారం ఎప్పుడు వెళ్లావు?"

"సాయంత్రం ఏడింటికి."

"అప్పటికి కంప్యూటర్ పనిచేస్తోందా?"

"చేస్తోంది. నేనే షట్‌డౌన్ చేశాను."

"ఖాయమేనా?"

"ఖాయం సర్."

"డిస్క్ లోపలే ఉంది?"

"లేకపోతే ఎలా పనిచేస్తుంది?"

"అదీ నిజమే. నాకీ కంప్యూటర్లు తెలియవు బాబూ," అని విల్‌ఫ్రెడ్ ఓ గంట గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లతో కూర్చుని టీ తాగి వచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి అందరినీ చంద్రకళ గదిలోకి పిలిచాడు. ఫోన్ టేబుల్ మీద పెట్టాడు.

"ఇది నేను మూత తీయకముందు ఫోటో. ఇది తీశాక. తేడా చూడండి."

"బొట్టు విరిగింది," అంది రష్మిత.

"ఎందుకు విరిగింది? సగం పసుపు మూత మీద, సగం పెట్టె మీద ఉంది కాబట్టి. తడి పసుపు ఎండి రెండిటినీ పట్టుకుంది. మూత కదిలితే విరిగి తీరాలి. నేను కదిపాను, విరిగింది. నాకన్నా ముందు విరగలేదు."

రష్మిత నోరు తెరిచింది. "అయితే నిన్న ఎవరూ..."

"నిన్నా తెరవలేదు, ఇవాళా తెరవలేదు. ప్రసాదానికొచ్చిన వాళ్లంతా నిర్దోషులే. నూకాలమ్మ బొట్టు పెట్టేసరికే లోపల డిస్క్ లేదు."

"ఓలమ్మో! కాళీ డబ్బాకి దండం ఎట్టినానా?" అంది నూకాలమ్మ.

"బుధవారం తలుపు తీసింది ఇద్దరు, కలిసి. రాత్రంతా తాళంచెవి గేటు దగ్గరే ఉంది, కెమెరాలో చూసొచ్చాను. మంగళవారం తాళం వేసింది ఒక్కడే. ఏడింటికి కంప్యూటర్ పనిచేస్తోందని చెప్పిందీ ఆ ఒక్కడే."

అనిరుధ్ తల దించుకున్నాడు.

"నాకు ఒక్కటే అర్థం కాలేదు బాబూ. నిన్న జనంలో తీసి ఉంటే నా తాత కూడా నిన్ను పట్టుకోలేడు. పూజ అయ్యేదాకా ఎందుకు ఆగలేదు?"

"ఆగుదామనే అనుకున్నాను సర్. కానీ బొట్టు పెట్టాక దాని మీద చెయ్యి వేయలేననిపించింది. పోయినేడు షెడ్‌లో వెంకటరావు మావయ్య నా ల్యాప్‌టాప్‌కి కూడా బొట్టు పెట్టాడు. 'ఇది నీ పనిముట్టు గదా, దండం ఎట్టుకో' అన్నాడు. పూజ చేసినదాన్ని ఎలా విప్పను?"

దండం పెట్టుకుని దొంగతనానికి బయల్దేరిన వాళ్లని విల్‌ఫ్రెడ్ చాలామందిని చూశాడు. దండం పెట్టబోయే వస్తువని ముందురోజే తీసేసి దొరికిపోయినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

"డిస్క్ ఏది?"

"సుత్తితో పగలగొట్టాను. ముక్కలు చెరువులో వేశాను."

"ఎందుకురా?" అంది చంద్రకళ.

అనిరుధ్ ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు.

"మావయ్యకి చేతులు వణుకుతాయి మేడమ్. వెల్డింగ్ చేయలేడు. ఆయన వంతు బుజ్జిబాబు చేస్తాడు. బదులుగా ఈయన బోల్టులు ఏరి పెడతాడు, కొత్తవాళ్లకి పని నేర్పుతాడు. గ్యాంగ్‌లో అందరికీ తెలుసు, సూపర్‌వైజర్‌కి తెలియదు. నాకు చెప్పారు. ఇంట్లో అన్నం పెడుతూ చెప్పారు. నేను ఉన్నది ఉన్నట్టు గీశాను. ఆయన డబ్బా నుంచి వెల్డింగ్‌కి ఒక్క బాణం కూడా లేదు."

"పేర్లు తీసేశాం కదా!"

"తీసేశాం. ఏ3 గ్యాంగ్ సీనియర్ వెల్డర్ అని రాశాం. అలాంటివాళ్లు షెడ్‌లో ఎంతమంది ఉంటారు మేడమ్? ఒక్కడే. సోమవారం మేనేజర్ నవ్వుతూ నాతో అన్నాడు, ఫైనల్ మోడల్ రాగానే బాణాల్లేని డబ్బాలన్నీ తీసేస్తామని. మనుషుల్ని డబ్బాలంటున్నాడు. ఆ మాట అతనికి నేర్పింది మనమే."

"నీ పీహెచ్‌డీ?" అని అడిగింది రష్మిత మెల్లగా.

"పోయింది. పోతే పోనీ. మావయ్య ఉద్యోగం ఉంటుంది."

చంద్రకళ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఆగస్టులో వాళ్లు డ్రాఫ్ట్ అడిగారు అనిరుధ్. ప్రెజెంటేషన్‌కని నువ్విచ్చిన మోడల్‌నే పంపేశాను. అగ్రిమెంట్‌లో ఉంది, పంపాలి. డ్రాఫ్టే కదా అనుకున్నాను."

"అందులో ఏ3 గ్యాంగ్ ఉందా?"

"అంతా ఉంది. ఫైనల్ అన్నది వాళ్లకి సంతకం కోసమే."

"వెనక్కి అడగండి మేడమ్."

"అడుగుతాను. ఇవాళే అడుగుతాను. కానీ చూసేసినదాన్ని చూడలేదనుకుంటారా?"

అనిరుధ్ కుర్చీలో కూలబడ్డాడు. నూకాలమ్మ మంచినీళ్ల గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టి, పక్కనే నిలబడింది.

కేసు తేలింది. తేలి ఎవరికీ ఒరిగిందేమీ లేదు. అరెస్టు చేయాల్సినంత దొంగ ఈ గదిలో లేడు. అడ్డుకోవాల్సిన పని ఎక్కడో ఒక ఆఫీసులో చట్టప్రకారం జరిగిపోతోంది. విల్‌ఫ్రెడ్‌కి తన మీద తనకే కోపం వచ్చింది.

"లే బాబూ, ఇంటికి దించుతాను," అన్నాడు.

టోటో పూరీ గేట్‌లో ఆగింది. వెంకటరావు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఒలకకుండా అతని భార్య చిలకమ్మ గ్లాసు ఎప్పుడూ సగమే నింపుతుంది.

"రా బాబూ, రా. విల్‌ఫ్రెడ్ దాదా కూడా వొచ్చినాడే! నిన్న పూజకి రానేదేటి బాబూ? నీ వొంతు పెసాదం దాసినాను."

అనిరుధ్ అరుగు కింద చెప్పులు విప్పాడు.

"నీకో మాట సెప్పాల. రేపు మేనేజరు బాబు నన్నూ, బుజ్జిబాబునీ ఆఫీసుకి రమ్మన్నాడు. ఇన్నేళ్ల నుంచీ పని సేస్తన్నాను, ఆ గది లోపలికి నన్నెవులూ పిలవనేదు. నువ్వు మా గురించి గీసినావు గదా, అది సూసినాడంట. ఏటి, బాగా గీసినావా?"

అనిరుధ్ విల్‌ఫ్రెడ్ వైపు చూశాడు. ఎంతోమంది చేత నిజం చెప్పించిన విల్‌ఫ్రెడ్ టోటో వైపు తిరిగి చిల్లర లెక్కపెట్టసాగాడు.

"ఉన్నది ఉన్నట్టే గీశాను మావయ్యా."

"అదే గదా కావాల! అబద్దం గీయనేదు, సాలు."

వెంకటరావు బూందీ పొట్లం విప్పి అనిరుధ్ దోసిట్లో పోశాడు. చెయ్యి వణికి సగం అరుగు మీద పడింది. అనిరుధ్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు.

"ఒలే చిలకమ్మా," అని లోపలికి కేకేశాడు వెంకటరావు, "రేపటికి నా తెల్ల సొక్కా ఇస్త్రీ సేసి ఉంచు."