బూరుగు పెట్టె, టేకు గుర్రం

మట్టిలో కలిసేదానికి మంచి కట్టె ఎందుకని నవ్వుతారే మీరు, ముందు ఆ నవ్వు మానండి. చచ్చినవాళ్ళది కాజేస్తే అడిగేవాళ్ళు ఉండరనుకోవడం కంటే నీచం లేదు. నమ్మకపోతే ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం దారిలో ఉన్న పాత వడ్రంగి కొట్టం పక్కగా చీకటి పడ్డాక ఒంటరిగా నడిచి చూడండి. బండివాళ్ళు కూడా అక్కడ ఎద్దుల్ని అదిలించి, నోరెత్తకుండా దాటిపోతారు; పలికితే, చీకట్లో రొప్పుతూ నడిచేవాడెవడో ఎదురు ప్రశ్న వేస్తాడట. ఎందుకో, విన్నది విన్నట్టు చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కొట్టం జకరయ్యది. ఒక్కగానొక్క కొడుకు యేసురత్నం, నాలుగేళ్ళవాడు. జ్వరం వచ్చి తగ్గింది గానీ కాళ్ళు వేలాడిపోయాయి. నంద్యాల డాక్టరు చూసి, "ఊగే కొయ్యగుర్రం చెయ్యి. రోజూ తన్నుకుంటూ ఊగితే బలం రావచ్చు" అన్నాడు.

పిల్లవాడు ఒరిగినా గుర్రం పడకూడదు. గట్టి కట్టె కావాలి. కొట్టంలో ఉన్నదంతా గుల్లబారే మెత్తటి బూరుగు చెక్క...

ఆ వారమే బడి అయ్యవారు శాంతయ్య కూతురు లూదియా చనిపోయింది. ఆయన ఇంట్లోని టేకు మంచం విప్పి తెచ్చాడు.

"నా బిడ్డ దీనిమీదనే పండుకునేది. పెట్టె దీంతోనే చెయ్యప్పా."

జకరయ్య బూరుగుతో పెట్టె చేశాడు. శవపెట్టెకు నల్లగుడ్డ చుట్టి మేకులు కొట్టడం అక్కడి క్రైస్తవుల ఆచారం. గుడ్డ కింద ఏ కట్టె ఉందో ఎవరు చూస్తారు?

టేకుతో గుర్రం చేశాడు. ఒక్క మేకు లేకుండా, చెక్కలో చెక్క ఇమిడేలా కూసాలు దిగగొట్టి, అడుగున విల్లులా వంచిన బద్దలు బిగించాడు. ఎద్దు తొక్కినా చెక్కుచెదరదు.

"ఏందిరా దొరా, సవారీ యాడికి?"

"నంద్యాలకు! నువ్వు నడిసి రా నాయనా!"

నెల తిరిగేసరికి పిల్లవాడు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

వానలు పడ్డాయి. శాంతయ్య కొట్టానికి వచ్చాడు.

"సమాధి కుంగిపోయిందప్పా. టేకు పెట్టె ఇంత తొందరగా ఎట్ల కూలె?"

"వానలు గదా అయ్యవారూ..." జకరయ్య తల ఎత్తలేదు.

ఆ రాత్రి కొట్టంలో చప్పుడు. కిర్రు... కిర్రు...

జకరయ్య లేచి చూస్తే పక్కలో కొడుకు లేడు! లాంతరు పట్టుకుని పరుగెత్తాడు. యేసురత్నం గుర్రం మీద ఉన్నాడు — ఎవరికో చోటిచ్చినట్టు ముందుకు జరిగి. కాళ్ళు కదలడం లేదు. గుర్రం ఊగుతోంది.

"మెల్లగా మాట్లాడు నాయనా..." పిల్లవాడు గుసగుసలాడాడు. "ఎనకాల అక్కకు సలిగా ఉందంట. నా మంచం నాకియ్యమంటాంది."

మంచం సంగతి ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

తెల్లవారకముందే జకరయ్య వెళ్ళి శాంతయ్య కాళ్ళమీద పడ్డాడు. అంతా చెప్పాడు.

"నిలబడతాండాడు అయ్యవారూ... గుర్రం తీసేస్తే నా కొడుకు—"

శాంతయ్య సమాధుల వైపు తిరిగాడు.

"నా బిడ్డ నీళ్ళల్లో పండుకొనుందిరా," అన్నాడు.

జకరయ్య గుర్రాన్ని విప్పబోయాడు. కొడుకు దాని మెడ పట్టుకుని వదల్లేదు. "వద్దు నాయనా! అక్కను ముందర కూసోబెట్టుకుంటాలే!" ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు తండ్రి. ఆ టేకుతో పెట్టె చేసి, లూదియాను అందులోకి మార్చి, గుడ్డ చుట్టకుండానే మన్నులో దించాడు.

యేసురత్నం మళ్ళీ నిలబడలేదు. తండ్రి వేపతో ఒక గుర్రం, తుమ్మతో ఒక గుర్రం చేశాడు. కాళ్ళలో కదలిక రాలేదు. మీసాలు వచ్చిన కొడుకును జకరయ్య వీపున మోస్తూ తిరిగేవాడు. దారిలో ఎవరైనా, "కాసేపు దించప్పా, రొప్పుతాండావ్" అంటే, నడక ఆపకుండానే అడిగేవాడు:

"దించితే యాడ నిలబడతాడు?"