ఎదుటి చేతికి అందేలా

పొద్దున్న అయిదున్నరకల్లా పెరటి గోడ మోగడం మొదలైంది. లహరి బాస్కెట్‌బాల్‌ను ఛాతీ దగ్గర నుంచి రెండు చేతులా గోడకు తోస్తుంది, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది, మళ్ళీ తోస్తుంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో టీ గ్లాసుతో కూర్చుని తాత అచ్చయ్య వంకలు పెడుతుంటాడు. రాయపూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్ఫై ఏళ్ళు వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. బాస్కెట్‌బాల్ ఎంతమంది ఆడతారో కూడా ఆయనకు సరిగ్గా తెలియదు. అయినా వంకలకేం లోటు లేదు.

"అంత జోరేటమ్మా? పట్టుకున్నోల్ల సెయ్యి ఇరిగిపోద్ది. సేతికి కాదు, సెయ్యి వొచ్చే సోటుకి ఎయ్యాల."

"గోడకి చేతులుంటాయా తాతా?"

"ఉన్నాయనుకోవాల."

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న సూరిబాబుకు ఒళ్ళు మండింది. అచ్చయ్య కొడుకు, లహరి తండ్రి ఆయనే. ధర్సీవా వైపు ఒక ఇనుప ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్న ఏడున్నరకి బస్సెక్కితే చీకటిపడ్డాకే ఇల్లు చేరడం. కూతురు ఆరేళ్ళుగా ఆడుతున్నా ఆయన ఒక్క మ్యాచ్ చూసిన పాపాన పోలేదు. సాయంత్రం చెప్పులు విప్పుతూ ఒకటే ప్రశ్న, "ఎన్ని బాస్కెట్లు వేశావు?" అని. జవాబు ఎప్పుడూ ఒకటో రెండో. పాస్‌లు ఇచ్చాను నాన్నా అని ఆ పిల్ల ఏదో చెప్పబోయేది. పాస్ ఇవ్వడమంటే సూరిబాబు లెక్కలో చేతికొచ్చింది పక్కవాళ్ళకి ధారపోయడం.

ఆ రోజు రాష్ట్ర జూనియర్ జట్టు సెలెక్షన్. రెండు రోజులు ఆడించి పన్నెండు మందిని ఎంచుతారు. ఈసారి రాకపోతే బంతి అటకెక్కుతుంది, లహరి ట్యూషన్ మెట్లెక్కుతుంది అని సూరిబాబు ఎప్పుడో తేల్చి చెప్పేశాడు.

బూట్లు కట్టుకుంటున్న కూతురి ముందు నిలబడ్డాడు.

"ఇవాళ ఎవరికీ ఇవ్వకు. నువ్వే వెయ్యి. వేసినవాళ్ళే కంటికి కనబడతారు. సమ్‌ఝీ, అర్థమైందా? మాటియ్యి."

లహరి తాత వైపు చూసింది.

"అటు కాదు, ఇటు చూడు."

పిల్ల తండ్రి చేతిలో చెయ్యి వేసింది.

సాయంత్రం వచ్చి గుమ్మంలోనే కూలబడింది. సూరిబాబు అడిగే పని లేకుండా తనే చెప్పింది. "పదమూడుసార్లు వేశాను. రెండే పడ్డాయి. కోచ్ సర్ బెంచీ మీద కూర్చోబెట్టేశారు."

సూరిబాబుకు భయం వేసింది. కాని ఆ మనిషికి భయం వేస్తే నోటికి కోపమై వస్తుంది. ఆ కోపం వెళ్ళి రొట్టె తింటున్న తండ్రి మీద పడింది.

"ఏడాది నుంచి చూస్తున్నా నాన్నా. దానికి వెయ్యడం రానివ్వకుండా ఇవ్వడం నేర్పావు. ఇదేమైనా నీ వర్క్‌షాపా? నీ పాత పనులన్నీ దాని నెత్తిన రుద్దితే ఇదిగో, ఇలాగే బెంచీ మీద కూర్చుంటుంది."

అచ్చయ్య నోటి దాకా వచ్చిన ముక్కను కంచంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

"తాతనేం అనకు." లహరి తండ్రి వైపు తిరిగింది. "తిల్దా నుంచి సావిత్రి అని కొత్తమ్మాయి వచ్చింది నాన్నా. బాస్కెట్ కిందే ఖాళీగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి దీదీ, దీదీ అంది. నేను చూశాను. చూసి కూడా ఇవ్వలేదు, నీకు మాటిచ్చానని. ఆ తర్వాత తను చేతులెత్తడమే మానేసింది." ఇక ఆగలేక మోకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి కల్యాణి పట్టకారు స్టవ్ మీద పడేసి వచ్చింది.

"ఆరేళ్ళయిందండీ. ఎన్ని అని అడగడమే గానీ, ఎలా ఆడుతోందో ఒక్కనాడు చూశారా? రేపు సెలవు పెట్టి మామయ్యగారిని తీసుకుని వెళ్ళండి. చూసొచ్చి అప్పుడు అరవండి. కావాలంటే నేనూ మీతో కలిసి అరుస్తాను."

ఆవిడ గొంతు పెంచలేదు. సూరిబాబు కూతురి దగ్గరికి వెళ్ళి, "ఆ మాట వదిలెయ్. రేపు నీకు తోచినట్టు ఆడు," అన్నాడు. ఆమె తలెత్తలేదు.

మర్నాడు స్టేడియం మెట్ల మీద తండ్రీకొడుకులు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆట మొదలైంది. సూరిబాబు కళ్ళు బంతి వెంట అటూ ఇటూ పరిగెత్తాయి. లహరి చేతికి వచ్చిన బంతి రెప్పపాటులో ఇంకెవరి చేతిలోనో ఉంటోంది.

"బంతిని సూడకురా. దాని కళ్ళు సూడు," అన్నాడు అచ్చయ్య.

చూశాడు. లహరి ఎడమవైపు చూస్తోంది. అడ్డం వచ్చిన ఇద్దరూ ఎడమవైపు ఒరిగారు. బంతి కుడివైపు వెళ్ళిపోయింది. అక్కడ ఎవరూ లేరు. అయ్యో, పోయిందనుకున్నాడు సూరిబాబు. అంతలో ఎక్కడినుంచో ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి, తన కోసమే అక్కడ పెట్టినట్టున్న ఆ బంతిని అందుకుని బాస్కెట్‌లో వేసేసింది.

ఇంకా రాని మనిషికి తన కూతురు ముందే బంతి పంపింది. ఎలా తెలుసు దీనికి? పొద్దున్న లేచి జడ వేసుకోవడానికి బద్ధకించే పిల్లేనా ఇది? నేల మీద ఒక్కసారి తట్టి ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి పంపుతోంది. తలల మీదుగా పంపుతోంది. ఎవరు ఎక్కడికి వస్తారో మైదానమంతా దాని అరచేతిలో రాసి ఉన్నట్టుంది.

సావిత్రిని ఆయన వెంటనే గుర్తుపట్టాడు. బక్కపల్చటి పిల్ల, చేతులు కిందికి వేలాడేసుకుని తిరుగుతోంది. లహరి పంపిన మొదటి బంతి ఆమె వేళ్ళకు తగిలి జారిపోయింది. రెండోది కూడా జారింది. మూడోసారి లహరి దగ్గరికంటా వెళ్ళి, నేల మీద మెత్తగా ఒక్క తట్టు తట్టి ఆమె కుడిచేతిలోకి అందించింది. ఈసారి పట్టుకుంది. ఆ తర్వాతది కాస్త దూరం నుంచి, దాని తర్వాతది కాస్త వేగంగా వచ్చాయి. ఆట సగం దాటేసరికి బుల్లెట్‌లా వచ్చిన బంతిని పరిగెడుతూనే అందుకుని సావిత్రి బాస్కెట్ వేసింది. వేశాక నమ్మలేనట్టు తన చేతులు తనే చూసుకుంది.

"సల్లటి రివెట్లు," అన్నాడు అచ్చయ్య మెల్లగా.

"ఏంటి నాన్నా?"

"కొలిమిలోంచి ఎర్రగా కాలిన రివెట్టు మేకు పట్కారుతో తీసి పైకి ఇసిరీవోన్ని నేను. యాగన్ మీద నిలబడి సిన్నారావు రేకుడబ్బాతో పట్టీవోడు. కొత్తలో ఆడి సేతులు వొణికిపోయీవి. వారం దినాలు కాల్చకుండా సల్లటివే ఇసిరినాను. పని ఎనకబడిపోతోందని మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టినాడు. బయం పోయినాకే ఎర్రవి. ఇరవయ్యేళ్ళు కలిసి పనిచేసినాం. ఆడి ఒంటి మీద ఒక్క మచ్చ నేదు."

సూరిబాబు తండ్రి వైపు తిరిగి చూశాడు. నలభై అయిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. నీ పనేమిటి, ఎలా చేసేవాడివి అని తను ఏనాడూ అడగలేదు. అడిగి నేర్చుకున్నది తన పదహారేళ్ళ కూతురు. నిన్న రాత్రి తినకుండా లేచిపోయిన ఆ ముసలి మనిషి పక్కకు ఇంకాస్త జరిగాడు.

"నిన్న నోరు జారాను నాన్నా. మనసులో పెట్టుకోకు."

"ఊరుకోరా. పేర్లు సదువుతున్నారు, ఇను."

మైదానం మధ్యలో కోచ్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది పేర్లయినా లహరి పేరు రాలేదు. తొమ్మిదోది సావిత్రీ సాహూ. లహరి ఒక్క కేక పెట్టి సావిత్రిని నడుం పట్టుకుని పైకెత్తేసింది. ఇద్దరూ గిరగిరా తిరుగుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉన్నారు. ఆ గోలలో పదో పేరు చదివారు. ఆ పేరు గల పిల్ల దాన్ని వినలేదు. మెట్ల మీద ఆమె తండ్రి విన్నాడు.

లహరి రొప్పుతూ మెట్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మొహం దీపంలా వెలుగుతోంది.

"నాన్నా, సావిత్రికి వచ్చింది. తనకి వచ్చింది నాన్నా."

సూరిబాబు కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు ధారకట్టాయి.

"నీ పేరూ పిలిచారు తల్లీ," అన్నాడు. "నువ్వే వినలేదు."