దిడ్డి లేని గోడ

తెల్లవారేసరికి పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. యుద్ధం పుణ్యమా అని అగ్గిపెట్టె దొరకడమే గగనమైపోయింది. పాత గల్లీలో అయితే హజ్రా బీ దొడ్డిగోడలో ఉన్న దిడ్డి తలుపు తోసుకుని వెళ్లి, వెనకింటి అబిదా పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తెచ్చుకునేది. ఆడవాళ్లు వీధి ముఖం చూడకుండా ఆ దిడ్లలోంచే గల్లీ అంతా చుట్టి వచ్చేవారు.

ఆ గల్లీ తగలబడ్డాక నరసరావుపేట శివార్లో కొత్తపేట వేశారు. ఏం కావాలో చెప్పమని ఓవర్సీయరు మగవాళ్లను అడిగాడు. జట్కా తోలే ఖలందర్, హజ్రా బీ కొడుకు, తన బండి తిరిగేంత రోడ్డు, పరదాకు నిలువెత్తు గోడలు కావాలన్నాడు. రెండూ వచ్చాయి. దిడ్డి సంగతి ఒక్క మగాడికీ తట్టలేదు. అబిదా ఇల్లు ఇప్పటికీ వెనకాలే ఉంది. కానీ దాని వాకిలి అవతలి రోడ్డు మీద! బురఖా వేసుకుని, కొడుకును తోడు తీసుకుని, పేటంతా చుట్టి వెళ్లాలి. ఆ మహారాజుకు తీరిక ఉంటేగా!

"ఇంకా అన్నం కాలేదా?" అని విసుక్కున్నాడు ఖలందర్.

"నిప్పు లేంది నీ గుర్రం వండుద్దా? పోయి అబిదా పిన్నినడిగి పట్టుకురా."

"పిన్ని ఏడ లేస్తది? వారం నుంచి జ్వరంతో మంచాన పడింది. మసీదు కాడ వాళ్లాయన గఫార్ బాబాయ్ చెప్పాడు."

హజ్రా బీ చేతిలోని ఊదుగొట్టం జారిపోయింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"మర్చిపోయా. అయినా ఇంత ఇల్లు, ఇంత రోడ్డు వస్తే ఎప్పుడూ ఏడుపేంది నీకు?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "రోడ్డు నీ గుర్రానికొచ్చిందిరా! నాకొచ్చింది జైలు!" అంటూ మూలనున్న గడ్డపార అందుకుని దొడ్లోకి నడిచింది.

"అమ్మా, ఆగు! పరువు పోద్ది!"

"గోడవతల మనిషి చస్తన్నా తెలవని పరువు నాకెందుకురా?"

దెబ్బ మీద దెబ్బ వేసింది. నాపరాయి ఒకటి ఊడి అవతల పడింది. ఆ సందులో మొహం పెట్టి అరిచింది. "ఏమే అబిదా! ఇంత జ్వరమొస్తే ఒక్క కేక పెట్టలేకపోయావటే?"

అవతలి పంచలోని మంచం మీంచి నీరసంగా గొంతు వినిపించింది.

"రోజూ పిలుస్తానే ఉన్నానక్కా."

హజ్రా బీ గోడకు తల ఆనించి భోరుమంది. ఖలందర్ దగ్గరకొచ్చి, తల్లి చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు.

"తప్పయిందమ్మా. నువ్వు జరుగు, నేను కొడతా."

కళ్లు తుడుచుకుంది గానీ ఆమె కోపం ఇంకా దిగలేదు.

"ఎడల్పుగా కొట్టు!" అని గద్దించింది.