మూడో పడవలో నీళ్లు

"కొందామని నేను చూసిన ప్రతి పడవలోకీ నీళ్లొస్తున్నాయండీ! ఎవరో కావాలనే చేస్తున్నారు," అంటూ దూసుకొచ్చాడు ముసలాయన. డిటెక్టివ్ కూర్చోమన్నా కూర్చోలేదు. బతుకంతా గడియారాలు బాగుచేసి, ఈ మధ్యే దుకాణం మూసేశాడు. చిన్న గది ఉన్న పాత మోటారు పడవ కొని, భార్యతో నది వెంటా తీరం వెంటా తిరగాలని ఆయన కోరిక. రెండు నచ్చాయి. రెండింటిలోనూ బేరం కుదిరే రోజునే అడుగున నీళ్లు. మూడోది ఈరోజు చూడాలి.

"ఇదీ పోతే ఇక పడవ మాటే ఎత్తను," అన్నాడు.

డిటెక్టివ్ లేచి చెప్పులేసుకుంది. ఆవిడ తెల్లమొహం వేయడం ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని అసిస్టెంటు ధీమాగా వెనకే నడిచాడు.

నది సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటిలో కట్టేసి ఉంది పడవ. బ్రోకరు అప్పటికే చిరాకు మీదున్నాడు.

"పొద్దున అడుగు పలక ఎత్తి చూశా మేడమ్, పొడిగా ఉంది. ట్యాంకు నిండా మంచినీళ్లు కూడా పోశా. ఇంకేం చెయ్యాలి, తల తాకట్టు పెట్టనా?"

పడవ చూడ్డానికి తనూ వచ్చిన ముసలాయన భార్య చేతులు కడుక్కొస్తానంటూ కిందిగదిలోకి దిగింది. ఆయన చుక్కాని పట్టాడు. పడవ కాస్త దూరం పోయిందో లేదో బ్రోకరు కేకపెట్టాడు.

"ఎర్ర పీపా! ఎర్ర పీపా!"

"ఎక్కడయ్యా?"

దారికి గుర్తుగా తేలే పీపా ఎదురుగానే ఉంది. బ్రోకరు చుక్కాని లాగేసుకున్నాడు.

"ఎండ కళ్లల్లో కొడుతోంది," గొణిగాడు ముసలాయన.

అసిస్టెంటు తలెత్తాడు. ఆకాశమంతా మబ్బు.

ఒడ్డుకొచ్చి పలక ఎత్తితే, అడుగున నీళ్లు! ముసలాయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. బ్రోకరు తల పట్టుకున్నాడు. అసిస్టెంటు చిల్లు కోసం తడిమి తడిమి, చేతి జిడ్డు కడుక్కుందామని కిందిగదిలో కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు.

"దీనికీ రోగమే," విసుక్కున్నాడు.

డిటెక్టివ్ అడుగునీటిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కిందిగదిలోకి దిగి, వంగి కుళాయి కింద చూసింది. తర్వాత పైకొచ్చి అందరినీ కూర్చోబెట్టింది.

"చిల్లుంటే ఉప్పునీళ్లు రావాలి. ఇవి చప్పగా ఉన్నాయి. పొద్దున నిండిన ట్యాంకు ఇప్పుడు ఖాళీ. కుళాయి కింద గొట్టం ఊడి వేలాడుతోంది. పడవ నడిచినంతసేపూ మిగతా అందరం పైనే ఉన్నాం. కిందికి దిగింది ఒక్కరే."

కుళాయిని తిట్టానే గాని ఎందుకు రాలేదని ఆలోచించలేదే అని అసిస్టెంటు నాలుక కరుచుకున్నాడు.

"ఎందుకు చేశారో ఎర్ర పీపా దగ్గరే అర్థమైందమ్మా," అంది డిటెక్టివ్. "అక్కడ ఎండే లేదు."

భార్య తలదించుకోలేదు. "అవునండీ, మూడుసార్లూ నేనే. ఇంట్లో గ్లాసులో పోయాల్సిన నీళ్లు బల్ల మీద పోస్తున్నారు. కళ్లు చూపించుకోమంటే, వెంట్రుకంత తీగలు బాగుచేసిన కళ్లివి అని కస్సుమంటారు. ఈ మనిషిని సముద్రం మీదికి ఎలా పంపను? నోటితో చెప్పలేక చేత్తో చేశా."

ముసలాయన కిందపడ్డ టోపీ కోసం చెయ్యి చాచాడు. టోపీ అక్కడ లేదు, జానెడు పక్కన ఉంది. భార్య తీసి చేతిలో పెట్టింది.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం," అన్నాడు టోపీ పెట్టుకుంటూ. "అప్పటిదాకా చుక్కాని నువ్వే పట్టు."

"నేనా? నాకేం వచ్చని?"

"చిల్లు లేకుండా మూడు పడవల్లోకి నీళ్లు తెప్పించినదానివి. నడపడం నీకో లెక్కా?"