నూకరాజు చేతిబాట

ఆద్య కుడిచేతి తొడుగు వేసుకుని ఎడమచేతిది అందుకుంటుండగా కాలింగ్ బెల్ మోగింది. వాషింగ్ మెషిన్ పొద్దుటి నుంచి నీళ్ళు వదలకుండా ఆగిపోయి ఉంది. గాజు తలుపు వెనక బట్టలు బూడిదరంగు నీళ్ళలో నానుతున్నాయి. తన లోపాన్ని అది ఎప్పుడో అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు పంపేసింది. ఆ బోర్డు చూసే కాబోలు, గుమ్మంలో అరవై దాటిన ఒకావిడ నిలబడి ఉంది.

"మిషను నీళ్ళు వదలంది మీ ఇంట్లోనేనామ్మా? నా పేరు శిరీష. మూడో బ్లాకులో ఉంటాను. నువ్వు బాగుచేస్తుంటే పక్కన కూచుని చూస్తాను. ఏమీ అనుకోవు కదా?"

"అనుకోడానికేవుంది పిన్నిగారూ, చేసేది నేను కాదుగా," అని ఆద్య తొడుగు చూపించింది.

కాకినాడలో ఇప్పుడు ఏ ఇంటికీ మెకానిక్ రాడు. పనితొడుగులు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఒకప్పటి పనివాళ్ళ చేతుల కదలికలను సన్నని తీగల అల్లికలో రాసిపెట్టి, వేసుకున్నవారి వేళ్ళను అదే దారిన నడిపించడం వాటి పని. అలా రాసిన దారికి చేతిబాట అని పేరు. కొళాయికి ఒకటి, ఫ్యానుకు ఒకటి, గోడకు రంగు వెయ్యడానికి ఒకటి. నీళ్ళు వదలని వాషింగ్ మెషిన్‌ది నలభై ఒకటో చేతిబాట. లోపమున్న వస్తువు ఎదుట ఉంటేనే తొడుగులు మేలుకుంటాయి. ఊరికే చూపించమంటే చూపించవు.

"నలభై ఒకటి మా ఆయనది. నూకరాజు," అంది శిరీష, పీట మీద కూర్చుంటూ.

"అయ్యో, అలాగా! ఆయన చేతులు మా ఇంట్లో నాలుగుసార్లు పనిచేశాయండి."

"అదృష్టవంతురాలివి. మా ఇంట్లో ఫ్యాను బాగుచెయ్యమంటే మూడు ఎండాకాలాలు విసనకర్రతో గడిపించాడు మహానుభావుడు. మిషనుకి మాత్రం చెత్త అడ్డుపడకుండా లోపల రెండో జాలీ బిగించిపోయాడు. ఇక అది ఆగితేనా, నేను తొడుగులు వేసుకుని చూసేది!"

ఆద్య నవ్వింది. శిరీష కూడా నవ్వి, తర్వాత ఆపేసింది.

"ఆయన పోయి ఏడాదయింది. సోమవారం నుంచి కొత్త తొడుగులట కదా. వెయ్యిమంది చేతులు కలిపి సగటు తీశారట. అందుకే ఇవాళ వచ్చాను. ఒకటి తెలుసుకోవాలి."

"ఏమిటండీ?"

"సంవత్సరీకానికి ఆయనతో పనిచేసిన అప్పలకొండ వచ్చాడు. చేతిబాట రాసేనాటికే నూకరాజు కుడిచెయ్యి పట్టు తప్పింది వదినా అన్నాడు. నాకు జబ్బు సంగతి తెలిసింది ఆ తర్వాత రెండేళ్ళకి." ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఆయన చేతులు కంపెనీకి రాసిచ్చినప్పుడు నేను పదకొండు నెలలు మాట్లాడలేదమ్మా. ఒంట్లో సత్తువ ఉండగానే పని ఒదులుకున్నావు, తోటివాళ్ళ పొట్టకొట్టావు అన్నాను. కంచంలో అన్నం పెట్టి అవతలికి పోయేదాన్ని. చెయ్యి బాగుండగా ఇచ్చేసి ఉంటే నేనన్నది తప్పు కాదు. పాడయ్యాక ఇచ్చుంటే..."

శిరీష చూపు మెషిన్ మీదికి మళ్ళింది.

"చూస్తే తెలుస్తుందాండీ?"

"చివరి రోజుల్లో టీ గ్లాసు ఎత్తాలంటే ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకునేవాడు. ఇందులో అలా పట్టుకున్నాడేమో చూడాలి."

ఆద్య గుర్తు తెచ్చుకోబోయింది. నాలుగుసార్లూ ఆమె టీవీ చూస్తూ కూర్చుంది. చేతులు ఏం చేశాయో తెలియదు.

ఆమె రెండో తొడుగు వేసుకుని మెషిన్ ముందు కూర్చుంది. తొడుగులు మేలుకున్నాయి. ముందు ప్లగ్గు తీశాయి. కింద కుడిమూల ఉన్న చిన్న తలుపు తెరిచి, పళ్ళెం పెట్టి, వేలెడు రబ్బరు గొట్టాన్ని బయటికి లాగి బిరడా తీశాయి. మురికినీళ్ళు వచ్చాయి. పళ్ళెం నిండగానే బిరడా పెట్టి, ఆద్య పారబోసి వచ్చేదాకా ఆగాయి. అలా ఏడుసార్లు. శిరీష కదలకుండా చూస్తోంది.

ఇక ఫిల్టర్ మూత. కుడిచెయ్యి మూతను పట్టుకుని ఎడమవైపుకు తిప్పబోయింది. తిరగలేదు. నేల మీద ఆనించి ఉన్న ఎడమచెయ్యి లేచి, కుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. మూత తిరిగింది.

లోపల జుట్టు, దారాలు, ఒక చొక్కా గుండీ ఉన్నాయి. వేలు లోపలికి వెళ్ళి చిన్న రెక్కలు తిరుగుతున్నాయో లేదో చూసింది. మూత బిగించేటప్పుడు కూడా ఎడమచెయ్యి మళ్ళీ అలాగే లేచింది.

చేతిబాట రాసేటప్పుడు ఇంజనీర్లు పనికిరాని కదలికలన్నీ తీసేస్తారు. చెమట తుడుచుకోవడం, బీడీ కోసం జేబు తడుముకోవడం తీసేశారు. మణికట్టు పట్టును మాత్రం ఉంచారు. మంచి పనివాడి పద్ధతి అనుకున్నారు.

పని అయ్యాక తొడుగు అంచున పేరు, రాసిన తేదీ వెలిగాయి. శిరీష ఆద్య చేతిని దూరంగా పట్టుకుని చదువుకుంది.

"అప్పలకొండ అబద్ధం చెప్పలేదు."

"ఆయనైనా మీకు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండీ."

"నేను మాట్లాడితే కదమ్మా, చెప్పడానికి."

ఆద్య ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. మిగిలిన నీళ్ళు గొట్టంలోంచి గడగడమని పోయాయి. ఇద్దరూ ఆ చప్పుడు ఆగేదాకా ఉన్నారు. తర్వాత ఆద్య తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. శిరీష వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆద్య పంచదార డబ్బా అందుకుంది. కుడిచేత్తో మూత పట్టుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని తిప్పింది.

"తొడుగులు తీసేశావు కదా?" అంది శిరీష.

"తీసేశానండీ." ఆద్య తన చేతులు చూసుకుంది. "తొడుగులు వచ్చినప్పటి నుంచీ మేమంతా ఇలాగే తిప్పుతామండీ. మా అమ్మ కూడా అంతే. మా ఆఫీసులో నీళ్ళ సీసాలకి కూడా..."

"మూత బిగుసుకుందా?"

"లేదండీ. వదులుగానే ఉంది."

స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి.

"బిగించి, మళ్ళీ ఒక్కసారి తియ్యమ్మా."

ఆద్య బిగించింది. తియ్యబోయింది. తను చూస్తూ ఉండడంతో ఎడమచెయ్యి లేవలేదు. మూత ఒక్క చేత్తోనే వచ్చేసింది.

"అటు చూడకుండా తియ్యి," అంది శిరీష.

ఆద్య మూత మళ్ళీ బిగించి, కిటికీ వైపు తిరిగి, ఎదురు బ్లాకులో ఆరేసిన బట్టలు చూస్తూ నిలబడింది. వెనక శిరీష వంటగట్టు దగ్గరికి వచ్చిన అలికిడి వినిపించింది. ఆద్య ఆ బట్టల మీద నుంచి చూపు తిప్పలేదు. చేతుల పని చేతులకు వదిలేసింది.